దవాఖానలో కొత్తగా చేరుతున్నారా? చేతిపనితో పాటు మాట నేర్చుకునే దారి

"మందు తాగిండు సిస్టర్."

రాత్రి పదిన్నరకు ఇద్దరు మనుషులు ఒకతన్ని భుజాల మీద మోసుకొచ్చి చెప్పిన మాట ఇది. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగు నెలలు. మనిషి దగ్గర సారా వాసన గుప్పుమంటోంది. తాగి పడిపోయాడనుకుని అలాగే రాసి, చివరి బెడ్ మీద పడుకోబెట్టించి, వేరే కేసు చూసుకోవడానికి వెళ్ళాను. కాసేపటికి నేల తుడుస్తున్న ఆయమ్మ అతని నోట్లోంచి చొంగ కారడం చూసి, భార్యను పక్కకు పిలిచి అడిగింది: "ఏం మందు బిడ్డా? కల్లు దుకాణం మందా, పత్తికి కొట్టేదా?" పత్తికి కొట్టేదే. కంటిపాపలు అప్పటికే సూది మొనంత అయిపోయాయి. డాక్టర్ పరుగున వచ్చి విరుగుడుగా అట్రోపిన్ సూది మొదలుపెట్టారు, మనిషి బతికాడు. ఆయమ్మ అడిగిన ఆ ఒక్క ప్రశ్న మూడేళ్ళు నర్సింగ్ చదివిన నాకు తట్టలేదు.

ఇంటర్వ్యూ క్లాసుల్లో సాఫ్ట్ స్కిల్స్ అంటే నవ్వుతూ పలకరించడం, ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు మాట్లాడడం అని చెప్తారు. అవీ ఉండనివ్వండి. దవాఖానలో మాటకు ఉన్న అసలు పని వేరు. సరైన సమాచారం రాబట్టాలి, దాన్ని సరైన మనిషికి చేరవేయాలి, చెప్పింది వాళ్ళకు ఎక్కిందో లేదో చూసుకోవాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా వైద్యమే తప్పుతుంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాక మన జిల్లాల్లో ఈ కొలువుల్లోకి వచ్చే పిల్లలు పెరిగారు. స్టాఫ్ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, రిసెప్షన్, ఎవరైనా సరే, ఈ వరస పనికొస్తుంది.

మొదటి అడుగు: మొదటి అర నిమిషం

బెడ్ దగ్గరికి వెళ్ళగానే మూడు విషయాలు చెప్పండి. మీరెవరు, ఏం చేయబోతున్నారు, ఎంతసేపు పడుతుంది. "అవ్వా, నేను నర్సును. చెయ్యి పట్టి రక్తం తీస్త, ఒక్క నిమిషం పడ్తది. చీమ కుట్టినట్టు ఉంటది." అంతే. చెప్పకుండా చెయ్యి పట్టుకుంటే ముసలామె చెయ్యి లాక్కుంటుంది, సూది జారుతుంది, మళ్ళీ గుచ్చాలి. చెప్పడానికి పట్టిన పది సెకన్లు అక్కడే కలిసొస్తాయి.

పిలుపు దగ్గర జాగ్రత్త. "ఏయ్ ముసలీ", "మూడో బెడ్", "షుగర్ కేసు" అనే పిలుపులు మానేయండి. అవ్వా, పెద్దయ్యా, అక్కా, అన్నా, తమ్మీ, ఇవి మన దగ్గర ఎవరినీ నొప్పించవు. ముప్పై అయిదేళ్ళ మనిషిని "ఆంటీ" అంటే మాత్రం ఆ రోజంతా మీతో సరిగా మాట్లాడదు, చెప్తున్నా. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చే పెద్దావిడలను "యాడీ" (లంబాడీ మాటలో అమ్మ) అని పిలిచి చూడండి, మొహం ఎలా విచ్చుకుంటుందో.

వరస పెట్టి పిలిచినా పేరు మాత్రం తప్పకుండా కనుక్కోవాలి. యాదగిరిగుట్ట దగ్గర కదా, నల్లగొండ వార్డులో ఒకేసారి ముగ్గురు యాదమ్మలు, నలుగురు నర్సింహలు ఉంటారు. "నువ్వు యాదమ్మవేనా?" అని అడిగితే నీరసంగా ఉన్న మనిషి దేనికైనా "ఊ" అంటుంది. "నీ పేరేంది? ఏ ఊరు? ఇంటాయన పేరేంది?" అని వాళ్ళ నోటితోనే చెప్పించండి, చెప్పింది కేస్ షీట్‌తో కలిపి చూడండి. రక్తం ఎక్కించేటప్పుడు ఈ ఒక్క అలవాటే ప్రాణం కాపాడుతుంది.

ఒంటిని ముట్టుకునే ముందు కూడా అడగాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పెద్దవాళ్ళలో ఫ్లోరోసిస్‌తో మెడ, వెన్ను బిగుసుకుపోయిన వాళ్ళు ఇప్పటికీ వస్తారు. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన నీళ్ళను ఏళ్ళ తరబడి తాగిన ఒళ్ళు అవి. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నా, బిగుసుకుపోయిన ఎముక తిరిగి సాగదు. అలాంటి మనిషిని ఎక్స్‌రే బల్ల మీద "తిరుగు, ఇటు తిరుగు" అని తొందరపెట్టకండి. "ఎటు దిక్కు నుంచి లేపితే నీకు నొప్పి తక్కువ?" అని అడగండి. తన ఒళ్ళు తనకే బాగా తెలుసు. చిన్న వయసు వాళ్ళయితే పళ్ళ మచ్చలు కనపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతారు. ఆ చెయ్యి తియ్యమని నలుగురిలో అనకండి.

రెండో అడుగు: వినడం

అన్నిటికంటే కష్టమైంది ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

ఒక్క "మందు" అనే మాట తీసుకోండి. మన దగ్గర అది గోలీ, అది సారా, అది పురుగుమందు, అది గడ్డిమందు. ఎవరో అన్నంలో కలిపి పెట్టారని నమ్మే "మందు పెట్టిండ్రు" కూడా అదే మాట. కాబట్టి ఈ మాట విన్న వెంటనే తర్వాతి ప్రశ్న "ఏం మందు?", ఆ తర్వాతది "డబ్బా తెచ్చిండ్రా?" తేకపోతే ఒకరిని బండి మీద ఇంటికి పంపండి. గడ్డిమందు సంగతి మరీ మోసం. మొదటి రోజు మనిషి లేచి కూర్చుని మామూలుగా మాట్లాడతాడు, చుట్టాలు "ఏం కాలే, ఇంటికి తోలుకపోతం" అంటారు. కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతినేది తర్వాత. డబ్బా మీది పేరు డాక్టర్ చేతికి అందడం అంత ముఖ్యం.

అలాగే "దమ్మొస్తుంది" అంటే ఆయాసం. "కడుపుల దేవుతుంది" అంటే వాంతి వచ్చేలా ఉండడం. "పసిరికలు" కామెర్లు. "అమ్మతల్లి పోసింది" అంటే ఒంటి మీద పొక్కులు వచ్చాయని. "పానం మంచిగ లేదు" అన్నదానికి మాత్రం అర్థం ఒకటి ఉండదు. జ్వరం నుంచి గుండెపోటు దాకా, ఇంట్లో గొడవ దాకా ఏదైనా కావచ్చు. "పానం మంచిగ లేదంటే ఎట్ల ఉన్నది, జర చెప్పు" అని అడిగి, అక్కడ ఆగండి. మనం ఆగము. గుండెలో నొప్పా, కడుపులో నొప్పా, తలనొప్పా అని మనమే జాబితా చదువుతాం, వాళ్ళు అందులో చివరిది పట్టుకుంటారు. లోపల అయిదు లెక్కపెట్టుకోండి. ఆ నిశ్శబ్దంలోనే అసలు మాట బయటికొస్తుంది.

"ఎప్పటి నుంచి?" అంటే తేదీ దొరకదు. నాట్లు వేసేటప్పటి నుంచి, పల్లికాయ పీకేటప్పటి నుంచి, బోనాల కాడి నుంచి. దీనికి చిరాకు పడనవసరం లేదు, ఆ క్యాలెండర్‌తోనే లెక్కకట్టాలి. "బతుకమ్మకు ముందా, తర్వాతనా? ముందయితే వినాయక చవితికి ఉన్నదా?" రెండు ప్రశ్నల్లో నెల తేలుతుంది. గర్భిణీ చివరి నెలసరి తేదీ కూడా నేను చాలాసార్లు ఇలాగే రాబట్టాను.

ఆపరేషన్ ముందు "ఏమన్న తిన్నవా?" అని అడిగితే "ఏం తినలే" అంటారు. అది అబద్ధం కాదు. మన లెక్కలో చాయ్, రెండు బిస్కెట్లు తిండి కింద రావు. మత్తు ఇచ్చే ముందు తేలికపాటి తిండికయినా ఆరు గంటల ఖాళీ ఉండాలి. పాలు కలిసిన చాయ్‌దీ అదే లెక్క, మంచినీళ్ళకయితే రెండు గంటలు. కాబట్టి విడివిడిగా అడగండి: అన్నం ఎప్పుడు తిన్నవ్, చాయ్ ఎప్పుడు తాగినవ్, నీళ్ళు ఎప్పుడు తాగినవ్, నోట్ల తంబాకు ఉన్నదా.

ఇంకొకటి, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఏం వేయించుకున్నారో తెలియాలి. "అక్కడికి ఎందుకు పోయినవ్?" అన్నారంటే ఆ తలుపు మూసుకుపోయినట్టే. మనిషి పోయింది అర్ధరాత్రి, దగ్గరలో ఉన్నది ఆయనొక్కడే. "మంచిదే, ఆయన ఏమిచ్చిండు? సూది వేసిండా? చీటీ ఉన్నదా?" అని అడిగితే జేబులోంచి ఖాళీ స్ట్రిప్ తీసి ఇస్తారు.

మందు తాగి బతికిన వాళ్ళ దగ్గర కూడా ఇదే పద్ధతి. "చచ్చేటంత కష్టం నీకేమొచ్చింది?" అని వార్డులో పది మంది ముందు తిట్టడం మన దగ్గర ఒక అలవాటుగా మారింది. అంటున్నవాళ్ళు ప్రేమతోనే అంటారు, పడుకున్నవాడికి అది ఇంకో దెబ్బ. చుట్టాలను బయటికి పంపి, పక్కన కూర్చుని, "మళ్ళ అసుంటి ఆలోచన వస్తుందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. వస్తోందంటే డాక్టర్‌కు చెప్పండి, మనిషిని ఒంటరిగా వదలకండి. ఇంటికి పంపేటప్పుడు మానసిక కష్టాలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబర్ చీటీ మీద రాసివ్వండి. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మూడో అడుగు: చెప్పడం, చెప్పింది తిరిగి చెప్పించుకోవడం

"అర్థమైందా?" అనే ప్రశ్నను మీ నోటి నుంచి తీసేయండి. దానికి వచ్చే జవాబు ఎప్పుడూ "ఆఁ, అయింది" అనే. బదులుగా, "ఇంటికి పోయినంక మీ కోడలికి ఈ గోలీల గురించి ఎట్ల చెప్తవ్? నాకొకసారి చెప్పు, నేను సరిగ్గ చెప్పిన్నో లేదో చూసుకుంట" అనండి. పరీక్ష మీకేగానీ వాళ్ళకు కాదన్నట్టు ఉండాలి. తప్పు చెప్తే నవ్వకుండా మళ్ళీ చెప్పండి, మళ్ళీ చెప్పించుకోండి.

ఒకసారికి మూడు విషయాలు మించొద్దు. చదువు రానివాళ్ళకు గోలీల కవర్ మీద పొద్దుకు సూర్యుడు, రాత్రికి చంద్రుడు గీసివ్వండి. రక్తం పెరిగే గోలీలు ఇచ్చేటప్పుడు "దొడ్డికి నల్లగ వస్తది, భయపడొద్దు. చాయ్‌తోని మింగొద్దు" అని ముందే చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే రెండో రోజే ఆ గోలీలు పెంటకుప్పలో ఉంటాయి.

కుక్క కాటు టీకా చూడండి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులు అని చీటీ మీద ఉంటుంది. సున్నా రోజు అంటే ఎవరికి తెలుస్తుంది? చాలామంది మూడో రోజును తప్పు లెక్క వేస్తారు. ఇవాళ సోమవారం అయితే, "మళ్ళ బేస్తారం రా, ఆ తర్వాత వచ్చే సోమారం రా, ఆఖరుది ఇవాళ్టికి నాలుగు వారాలకు, అదీ సోమారమే" అని చెప్పి, పక్కన తేదీలు రాయండి. కుక్క బాగానే తిరుగుతోంది కదా అని మధ్యలో ఆపొద్దనీ చెప్పండి.

పాలమూరు వైపు పనిచేసేవాళ్ళు ఇంకో ప్రశ్న నేర్చుకోవాలి. టీబీకి మామూలుగా ఆరు నెలలు మందులు వాడాలి. మొదటి రోజే అడగండి: "దసరా తర్వాత యాడుంటరు? బొంబాయి పోతరా, పుణె పోతరా?" వలస పోయే మనిషిని "మానొద్దు, మానితే మొండిదవుతది" అని బెదిరిస్తే లాభం లేదు. పోయేచోట మందులు తీసుకునేలా పేరు బదిలీ చేయించవచ్చని, పోయే వారం ముందు వచ్చి చెప్పమని అంటే వస్తారు. పోవద్దన్నా పోకుండా ఉండే బతుకు కాదు కదా అది. ఒక రోజు దవాఖానకు వస్తే ఒక రోజు కూలీ పోతుంది. రిపోర్ట్ ఎల్లుండి వస్తుందని తెలిసీ "రేపు రా" అనకండి.

నాలుగో అడుగు: కోపంగా ఉన్న చుట్టాలు

పేషెంట్ ఒక్కరు, వెంట వచ్చేది ట్రాక్టర్ నిండా. హైవే మీద యాక్సిడెంట్ అయితే చెప్పనక్కర్లేదు. ముందుగా, "మీలో పేషెంట్‌కు దగ్గరి మనిషి ఎవరు? నేను అన్ని విషయాలు వాళ్ళకే చెప్త" అని ఒకరిని ఎంచుకోండి. తర్వాత పావుగంటకోసారి బయటికి వచ్చి ఏదో ఒకటి చెప్పండి. కొత్త సంగతి లేకపోయినా సరే, "స్కానింగ్ అయింది, సారు చూస్తున్నడు, ఇంకో ఇరవై నిమిషాలు పడ్తది" అని. కొట్లాటలు చాలా వరకు వైద్యం మీద రావు, మూసి ఉన్న తలుపు మీద వస్తాయి.

ఏం చెప్పకూడదో నా అనుభవంతోనే చెప్తాను. "డాక్టర్ ఏడి?" అని ఒకాయన అరిస్తే నేను అమాయకంగా "భోజనానికి పోయిండు" అన్నాను. నూటికి నూరుపాళ్ళు నిజం. పొద్దున ఏడింటి నుంచి నిలబడ్డ మనిషి మూడింటికి రెండు ముద్దలు తినడానికి వెళ్ళాడు. ఆ రోజు రెండు అద్దాలు పగిలాయి. "సారుకు ఫోన్ చేసిన, వస్తున్నడు. అప్పటిదాక నేను పక్కనే ఉంట" అనాల్సింది. ఆ తర్వాత ఫోన్ నిజంగానే చేయాలి మరి.

గొంతులు పెరిగితే మీది తగ్గించండి. తలుపుకు దగ్గరగా నిలబడండి, చెయ్యి వేయకండి, చెయ్యి చూపించి మాట్లాడకండి. "మీ తమ్ముడికి ఇట్లైతే నాక్కూడ కోపమొస్తది" అనడం తప్పు ఒప్పుకోవడం కిందకు రాదు. అయినా మీద పడితే వీరత్వం వద్దు, పక్కకు తప్పుకుని సెక్యూరిటీని, పోలీసులను పిలవండి. దవాఖాన సిబ్బంది మీద దాడికి మన దగ్గర 2008 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. దాని కింద మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. కానీ ఆ చట్టం పేరు గొడవ మధ్యలో ఎత్తకండి, పెట్రోలు పోసినట్టవుతుంది.

అయిదో అడుగు: చెడ్డ వార్త

చెప్పాల్సింది డాక్టరే. మీ పని పక్కన ఉండడం, డాక్టర్ వెళ్ళిపోయాక అక్కడే మిగలడం. దీనికి స్పైక్స్ అని ఆరు మెట్ల పద్ధతి ఒకటి 2000 నుంచి వైద్యులకు నేర్పుతున్నారు. చోటు చూసుకోవడం, వాళ్ళకు ఎంతవరకు తెలుసో కనుక్కోవడం, ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో అడగడం, చెప్పడం, ఏడుపుకు చోటివ్వడం, తర్వాత ఏం చేయాలో మాట్లాడడం. కాలేజీలో అడిగితే ఈ వరసే చెప్పండి. వార్డులో నేను చూసింది ఏమిటంటే, మొదటిదీ అయిదోదీ జరిగితే మిగతావి వాటంతటవే నడుస్తాయి. వరండాలో నిలబడి చెప్పొద్దు. ఒక బల్ల, తలుపు వేసిన గది, ఒక గ్లాసు నీళ్ళు. అయిదో మెట్టు అంటే ఏం లేదు, నోరు మూసుకుని కూర్చోవడమే.

మనిషి పోయాక "సీరియస్‌గ ఉంది, పట్నం తీస్కపోండ్రి" అనడం అన్నిటికంటే ఘోరం. అప్పుచేసి అంబులెన్స్ మాట్లాడుకుంటారు. "చనిపోయాడు" అనే మాటే వాడాలి. ఫోన్‌లో అయితే ముందు "అమ్మా, నీతోని ఇంట్ల ఎవరున్నరు? వాళ్ళకు ఫోన్ ఇయ్యి" అనండి. పురుగుమందు, రోడ్డు ప్రమాదం లాంటి కేసుల్లో పోస్ట్‌మార్టం ఉంటుందని, పోలీసుల కాగితాలయ్యాకే శవాన్ని ఇస్తారని ఎక్కువ ఆలస్యం చేయకుండా చెప్పాలి. లేకపోతే డబ్బుల కోసం ఆపారని అనుకుంటారు.

ఆరో అడుగు: గుట్టు

మనవి చిన్న ఊళ్ళు. బస్టాండ్‌లో కలిసిన మనిషి మీ పిన్నికి వియ్యంకుడు అవుతాడు. "ఫలానా వాళ్ళ పిల్ల మొన్న మీ దవాఖానకు వచ్చిందట కదా?" అంటే, "చాలామంది వస్తరు పెద్దమ్మా, నాకు యాదుండదు" అనడం నేర్చుకోండి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ వివరం వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 చట్టం ఒప్పుకోదు. కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో పెద్దగా రాసి బెడ్‌కు వేలాడదీయడం కూడా బయటపెట్టడమే. వార్డు ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం సంగతి నేను చెప్పే పనే లేదనుకుంటా.

గర్భిణీ వస్తే అత్తగారే అన్నిటికీ జవాబు చెప్తుంది. అత్తను ఎదిరించొద్దు. "అవ్వా, లోపలికి ఒక్కరే రావాలె" అని చెప్పి బరువు చూసే వంకతో అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళండి. దెబ్బలున్నాయా, తిండి పెడుతున్నారా అనేవి అప్పుడే తెలుస్తాయి. "ఆడపిల్లనా, మగపిల్లగాడా?" అని అడిగితే 1994 నాటి చట్టం ఒప్పుకోదని ఒక్క ముక్కలో చెప్పండి. నవ్వు, కనుసైగ, "స్వీట్లు తయారు పెట్టుకోండ్రి" లాంటి సరదాలు కూడా ఆ చట్టం కిందకే వస్తాయి.

ఏడో అడుగు: తోటివాళ్ళతో

రాత్రి రెండింటికి డాక్టర్‌కు ఫోన్ చేయాలంటే కొత్తవాళ్ళకు టెన్షన్. తిడతారేమోనని నసుగుతారు: "సార్, పేషెంట్ ఎట్లనో ఉంది సార్." ఆ మాటకు ఎవరైనా తిడతారు. అమెరికా నేవీ జలాంతర్గాముల్లో పుట్టి దవాఖానల్లోకి వచ్చిన ఒక వరస ఉంది, ఎస్‌బార్ అంటారు. ఇప్పుడేమైంది, వెనక ఏముంది, నా అంచనా ఏంటి, మీరేం చేయాలి. ఇలా ఉంటుంది:

"సార్, లేబర్ వార్డు సిస్టర్‌ను. డెలివరీ అయి 40 నిమిషాలైన పేషెంట్‌కు బ్లీడింగ్ ఎక్కువుంది. పల్స్ 124, బీపీ 90/60. రెండో కాన్పు, నార్మల్ డెలివరీ, హీమోగ్లోబిన్ 8 ఉండె. గర్భసంచి మెత్తగుంది, గట్టిపడ్తలేదనిపిస్తుంది. మసాజ్ చేస్తున్నం. మీరు వెంటనే రావాలె సార్. వచ్చేలోపు బ్లడ్‌కు పంపమంటరా?"

ఇరవై సెకన్లు. ఫోన్ చేసే ముందు చీటీ మీద నాలుగు గీతలు గీసి నింపుకోండి. డాక్టర్ చెప్పిన డోసు తిరిగి చదివి వినిపించండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి కాబట్టి "ఒకటి అయిదు, పదిహేను కదా సార్?" అనండి. పెద్ద డాక్టర్ రాసిన దాంట్లో తప్పు అనిపిస్తే, "సార్, ఈమెకు పోయినసారి పెన్సిలిన్ పడలేదని షీట్ల ఉంది, ఇదే ఇవ్వమంటరా?" అని అడగండి. అడగడంలో అవమానించేది ఏం లేదు. విసుక్కున్నా సరే, జవాబు వచ్చేదాకా సిరంజి ట్రేలోనే ఉండాలి.

ఆయమ్మలు, వార్డు బాయ్‌లు, ఊరి ఆశా కార్యకర్త, వీళ్ళను పేరు పెట్టి, వరస పెట్టి పిలవండి. ఏ పేషెంట్ రాత్రి నిద్రపోలేదో, ఎవరి భర్త తాగి వచ్చి వెళ్ళాడో వాళ్ళకే తెలుస్తుంది. నన్ను ఆ రోజు గట్టెక్కించింది ఎవరో మొదట్లోనే చెప్పాను.

రోజూ చేసే సాధన

జేబులో పట్టేంత నోటు పుస్తకం ఒకటి కొనండి. ఎడమ పేజీలో పేషెంట్ అన్న మాట అన్నట్టే రాయండి, కుడి పేజీలో అది చివరికి ఏమని తేలిందో రాయండి. పేర్లు, బెడ్ నంబర్లు మాత్రం రాయొద్దు. వారానికోసారి తోటి నర్సులతో కూర్చుని, ఒకరు కోపంగా వచ్చిన చుట్టం, ఇంకొకరు సిస్టర్ అయి పది నిమిషాలు ఆడి చూడండి. మొదట్లో నవ్వొస్తుంది, రెండోవారానికి అసలు తిట్లే వస్తాయి. నైట్ డ్యూటీలో ఎవరైనా మీ చేతుల్లో పోతే, ఇంటికి వెళ్ళే ముందు ఒక్క మనిషికైనా చెప్పుకోండి, చాయ్ బండి దగ్గర అయినా సరే.

నా పుస్తకంలో మొదటి పేజీ, ఎడమ వైపు: "మందు తాగిండు." కుడి వైపు ఆరు అర్థాలు రాసి, ఏడోదానికి ఖాళీ ఉంచాను.